రెవెన్యూ డేరాలో ఎలకల లెక్క: వాల్టర్ ఎలియట్ జీవితం

(విశాఖపట్నంలో స్థానిక చరిత్ర, ప్రకృతి పరిశీలన మీద ఆసక్తి ఉన్నవాళ్లు కలుసుకున్న ఒక సాయంత్రం చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉంది. వినబడకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడకండి.

ముందు మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. చిల్కా సరస్సుకి వెళ్లినవాళ్లు ఎంతమంది ఉన్నారిక్కడ? చాలామందే ఉన్నారే. అక్కడ పడవ ఎక్కించి డాల్ఫిన్లు చూపిస్తారు కదా. ముక్కు పొడుచుకు రాదు, తల గుండ్రంగా ఉంటుంది, చూస్తే నవ్వుతున్నట్టుంటుంది. ఇరవాడీ డాల్ఫిన్ అంటారు దాన్ని. బర్మాలో ఐరావతి నది ఉంది, దాని పేరు. సరే, ఈ జంతువుని శాస్త్రవేత్తలు మొట్టమొదట ఎక్కడ దొరికిన నమూనాని చూసి వర్ణించారు? బర్మాలోనా? కాదు. చిల్కాలోనా? కాదు. మన విశాఖపట్నం రేవులో. 1852లో ఇక్కడ దొరికిన జంతువు అది.

ఇంకొకటి. 1853లో ఇక్కడి జాలర్లకే ఇంకో విచిత్రమైన జీవి దొరికింది. తిమింగిలం జాతిదే, కానీ పెద్దది కాదు. ఎంత పెరిగినా తొమ్మిది అడుగులు దాటదు. తల మొద్దుగా, నోరు సొరచేపకున్నట్టు కిందికి ఉంటుంది. మనవాళ్లు దాన్ని ‘వంగ’ అనేవారట. ఈ రెండింటినీ 1866లో లండన్‌లో రిచర్డ్ ఓవెన్ అనే మహా పండితుడు వర్ణించి శాస్త్రీయ నామాలు పెట్టాడు. ఆ వంగని తర్వాతివాళ్లు చాలాకాలం ఇంకో జాతితో కలిపేశారు. ఇది వేరే జాతే, ఓవెన్ చెప్పింది నిజమేనని తేల్చడానికి 1966 దాకా పట్టింది. వందేళ్లు!

సరే, విశాఖ జాలరి వలలో పడిన జంతువు లండన్ పండితుడి బల్ల మీదికి ఎలా చేరింది? మధ్యలో ఎవరున్నారు? మధ్యలో ఉన్నది ఒక శిస్తు అధికారి. ఉత్తర సర్కారుల కమిషనరు వాల్టర్ ఎలియట్. ఇవాళ ఆయన గురించే మాట్లాడుకుందాం. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాను, జంతుశాస్త్రం పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి. అందుకని ఎలకల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, కౌన్సిలు రాజకీయాల దగ్గర తొందరగా వెళ్లిపోతాను. ఓపిక పట్టాలి.

ఎలియట్ 1803 జనవరిలో ఎడింబరోలో పుట్టాడు. స్కాట్లండ్ సరిహద్దు ప్రాంతపు భూస్వాముల కుటుంబం, వాళ్ల ఎస్టేటు పేరు వుల్ఫ్‌లీ. ఈస్టిండియా కంపెనీ తన ఉద్యోగుల్ని తయారుచేసుకోడానికి హెయిలీబరీలో కాలేజీ పెట్టింది కదా, 1818లో అందులో చేరాడు. 1821లో మద్రాసులో దిగాడు. పద్దెనిమిదేళ్లు. మన పిల్లలు ఆ వయసులో ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ టెన్షన్‌లో ఉంటారు.

కొద్దికాలానికే ఆయన్ని దక్షిణ మరాఠా దేశానికి పంపారు. పేరు మరాఠా దేశం గానీ అది ఇవాళ్టి ధార్వాడ, బెళగావి ప్రాంతం. కన్నడ సీమ. పీష్వా ఓడిపోయాక కంపెనీ చేతికి కొత్తగా వచ్చిన నేల. అక్కడ కలెక్టరు, రాజకీయ ప్రతినిధి రెండూ సెయింట్ జాన్ థాకరే. ఎలియట్ ఆయన కింద సహాయకుడు.

అక్కడే కిత్తూరు ఉంది. కిత్తూరు చెన్నమ్మ పేరు విననివాళ్లు ఈ హాల్లో ఉండరు. 1824లో సంస్థానాధిపతి వారసుడు లేకుండా పోయాడు. దత్తతని కంపెనీ ఒప్పుకోలేదు. థాకరే బలగంతో వెళ్లి కోట ముందు కూర్చున్నాడు. అక్టోబరు 23న కిత్తూరు సైన్యం కోట తలుపులు తెరుచుకుని మీదపడింది. థాకరే చచ్చిపోయాడు. ఆయనతో పాటు ఇంకొందరు ఆఫీసర్లు, సిపాయిలు. మరి ఎలియట్? ఎలియట్, స్టీవెన్సన్ అనే ఇంకో కుర్ర అధికారి ఖైదీలుగా దొరికిపోయారు. కొన్ని వారాలు కోటలో ఉన్నారు. డిసెంబరులో వాళ్లని విడిచిపెట్టారు. తర్వాత కంపెనీ పెద్ద సైన్యంతో వచ్చి కోట తీసుకుంది. చెన్నమ్మని బైలహొంగల కోటలో బంధించారు. ఆవిడ 1829లో అక్కడే పోయింది.

మనం చెన్నమ్మ కథని చెన్నమ్మ వైపు నించుని వింటాం. అలాగే వినాలి కూడా. కానీ అదే కోటలో ఖైదీగా ఒక ఇరవయ్యొక్కేళ్ల స్కాట్లండ్ కుర్రాడు ఉన్నాడనీ, ఆ కుర్రాడే తర్వాత మన అమరావతి తవ్వాడనీ గుర్తుపెట్టుకుంటే ఆ కాలం ఎంత ఇరుకైనదో తెలుస్తుంది.

విడుదలయ్యాక ఏం చేశాడు? భయపడి మద్రాసు వెళ్లిపోయాడా? ఆ ప్రాంతాన్ని బొంబాయి ప్రెసిడెన్సీకి మార్చారు. ఎలియట్ మద్రాసు ఉద్యోగి, రివాజు ప్రకారం వెనక్కి వచ్చెయ్యాలి. బొంబాయి గవర్నరు ఎల్ఫిన్‌స్టన్ ప్రత్యేకంగా అడిగి ఉంచుకున్నాడు. 1833 దాకా అక్కడే ఉన్నాడు. వేట, గుర్రపు స్వారీ, ఊరూరా డేరాలు. ఎలకలు కూడా అక్కడే.

ఇక్కడ కాస్త ఆగుతాను. ఆ రోజుల్లో రెవెన్యూ అధికారి పని ఎలా ఉండేదో ఊహించండి. వానలు వెనకపట్టాక బయల్దేరతాడు. డేరాలు, ఒంటెలో ఎడ్లబళ్లో, గుమాస్తాలు, బంట్రోతులు. ఒక్కో ఊరి బయట మకాం. కరణం లెక్కలు పట్టుకొస్తాడు. రైతులు వచ్చి పంట పోయిందంటారు, శిస్తు తగ్గించమంటారు. నిజంగా పంట పోయిందా లేదా చూడాలంటే పొలంలోకి దిగాలి. ఎలియట్ ప్రకృతిశాస్త్రమంతా ఇలా పొలంలోకి దిగడంలోంచి వచ్చింది. చాలామంది ‘ఉద్యోగం చేస్తూ తీరికవేళ జంతువుల్ని చూసేవాడు’ అని రాస్తారు. నాకది సరిగ్గా అనిపించదు. తీరికవేళ కాదు, పనివేళే. ఉద్యోగమే ఆయన్ని ఎలక బొరియ దాకా తీసుకెళ్లింది.

రుజువేమిటంటారా? 1839లో మద్రాసు సాహిత్య విజ్ఞాన పత్రికలో ఆయన దక్షిణ మరాఠా దేశపు క్షీరదాల పట్టిక అచ్చువేశాడు. అందులో మెట్టాడె అని ఒక ఎలక గురించి రాశాడు. పొలంలో రైతులు ఏరి పోసిన రాళ్లకుప్పల్లో ఉంటుంది, కొక్కులు వదిలేసిన బొరియల్లో ఉంటుంది, ఏదీ లేకపోతే ఎండాకాలం నల్లరేగడి బీటలు వారుతుంది చూడండి, ఆ బీటల్లోనే కాపురం. వాన పడగానే ఆ బీటలు మూసుకుపోతాయి. ఎలకలు వేలకొద్దీ అందులోనే చచ్చిపోతాయి. అంటే ఏమిటి? మొదటి వానలే ఎలకల జనాభాని అదుపులో పెడుతున్నాయి.

మరి వాన సరిగ్గా పడకపోతే? 1826లో అదే జరిగింది. సీజను మొదట్లో పడాల్సిన వాన పడలేదు. బీటలు మూసుకోలేదు. ఎలకలు విపరీతంగా పెరిగిపోయాయి. విత్తనం వెయ్యగానే తినేశాయి. మిగిలింది పెరిగి జొన్న కంకి పాలుపోసుకునే వేళకి కాడ ఎక్కి కంకి కొరికి కింద పడేసి తిన్నాయి. పొలాలకి పొలాలే పోయాయి. ఇక ఆయన తర్వాత రాసింది చూడండి: రైతులు శిస్తు కట్టలేకపోయారు. ఎలక జీవితచరిత్రలో శిస్తు ప్రస్తావన! ఏ జంతుశాస్త్రజ్ఞుడు రాస్తాడండీ ఆ మాట? నేను పుస్తకాల్లో ఎక్కడా చూడలేదు. శిస్తు వసూలు చేసేవాడు కాబట్టి ఆయన రాశాడు. వాన, నేల బీట, ఎలక, కంకి, ఖజానా, అన్నీ ఒకే పేరాలో వచ్చాయి. ఇవాళ దీన్ని జనాభా జీవావరణశాస్త్రం అని పెద్ద పేరు పెట్టి చదువుతున్నాం.

అప్పుడు రైతులు ఎవర్ని పిలిచారు? వడ్డెర్లని. చెరువులు తవ్వే, రాళ్లు కొట్టే వడ్డెర్లు. కన్నడ సీమలో ఉన్నా ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు. ఇన్ని డజన్ల ఎలకలకి ఇంత ధాన్యం అని కొలిచి ఇచ్చారు. వాళ్లు వేలకి వేలు చంపారు. ఎలకలు తగ్గినట్టే అనిపించలేదట. వాళ్లు ఆ ఎలకల్ని తినేవాళ్లు కూడా. పొలం పందికొక్కు గురించి రాసినచోట మళ్లీ వడ్డెర్లే వస్తారు. కోతల కాలంలో కొక్కుల బొరియలు తవ్వి, అవి దాచుకున్న గింజలు తీసుకునేవాళ్లు. ఒక్కో బొరియలో అరసేరు దాకా గింజలు, జొన్న కంకులు కంకులే దొరికేవి. మంచి చోటైతే ఆ సీజనంతా దాదాపు ఆ గింజలతోనే గడుపుకునేవాళ్లు.

ఇప్పుడు చెప్పండి. బొరియ లోపల ఎంత గింజ ఉంటుందో ఎలియట్ ఎలా కనుక్కున్నాడు? గడ్డపార పట్టుకుని తవ్వాడా? తవ్వినవాళ్లు చెప్పారు. కొక్కు ఈతకి ఎన్ని పిల్లల్ని పెడుతుందో, పిల్లలు తమ తిండి తాము చూసుకోగలిగితే తల్లి వాటిని ఎలా వెళ్లగొడుతుందో, ఇవన్నీ బొరియలు తవ్వి బతికేవాళ్లకి తెలిసిన సంగతులు. ఎలియట్ గొప్పతనం ఎక్కడుందంటే, అడిగాడు. ఎలకలు తినే కులం అని మొహం తిప్పుకోకుండా అడిగాడు, విన్నది రాశాడు, వాళ్లు చెప్పారని కూడా రాశాడు. ఆ కాలానికి అది చిన్న సంగతి కాదు. కానీ ఒక్కరి పేరు రాయలేదు. కులం పేరు రాశాడు, మనిషి పేరు రాయలేదు. దీన్ని కూడా మనం చూడాలి.

ఆయన పంపిన నమూనాల్నిబట్టి లండన్‌లో గ్రే అనే ఆయన 1837లో కొన్ని ఎలకలకి పేర్లు పెట్టాడు. అందులో ఒకటి గొలుండా ఎలియోటి. పొదల్లో ఉండే ఎలక, మన దగ్గరా ఉంటుంది. మెట్టాడెకి కూడా, వడ్డెర్లు పిలిచే ఆ మెట్టాడె అన్న పేరే కొద్దిగా వంకరపోయి మెల్టాడా అయి శాస్త్రీయ నామంలో కూర్చుంది. వడ్డెర మాట లాటిన్ వేషంలో ఇప్పటికీ ఉంది.

ఇదే సమయంలో ఆయన ఇంకో పిచ్చి పట్టుకున్నాడు. శాసనాలు. మకాం వేసిన ప్రతి ఊళ్లో గుడి దగ్గర, చెరువుగట్టు మీద నిలబెట్టిన రాళ్లు. వాటికి నకళ్లు రాయించడం మొదలెట్టాడు. 595 శాసనాలకి నకళ్లు కూడబెట్టాడు! చూసి రాసిన నకళ్లు కాబట్టి తప్పులు దొర్లాయి. తర్వాతివాళ్లు దిద్దుకున్నారు. కానీ చాళుక్యుల వంశక్రమం, ఎవరి తర్వాత ఎవరు, ఎవరు ఎన్నేళ్లు అనేది మొదటిసారి ఒక వరసలో పెట్టింది ఈ నకళ్ల ఆధారంతో 1837లో ఆయన అచ్చువేసిన వ్యాసమే. ముప్పయ్యేళ్లు దాటని శిస్తు అధికారి కూడబెట్టిన కాగితాలవి.

1833లో సెలవు మీద ఇంటికి బయల్దేరాడు. తిన్నగా ఓడెక్కి వెళ్లలేదు. ఎర్రసముద్రం మీదుగా ఈజిప్టు, ఎడారి, జెరూసలేం, కాన్‌స్టాంటినోపుల్, రోము, అన్నీ చూసుకుంటూ వెళ్లాడు. 1834 ఈస్టరుకి జెరూసలేం చర్చిలో తొక్కిసలాట జరిగి వందలమంది చచ్చిపోయారు. ఆ రోజు అక్కడున్నాడు. ప్రాణగండం తప్పించుకోవడంలో ఈయనకి అనుభవం ఉంది.

1836లో తిరిగొచ్చాడు. మద్రాసు గవర్నరుగా వచ్చిన ఎల్ఫిన్‌స్టన్ ప్రభువు ఆయనకి బంధువు. ఇందాక చెప్పిన బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ వేరు, ఈయన వేరు, కంగారుపడకండి. ఆయన దగ్గర ఆంతరంగిక కార్యదర్శి. తర్వాత రెవెన్యూ బోర్డు. ఇవన్నీ కుర్చీ పనులు. ఈ భాగం వేగంగా దాటేస్తున్నాను. ఒక్క ముక్క మాత్రం చెప్పాలి. కడప, నెల్లూరు మధ్య కొండల్లోంచి ఆయన ఒక చిన్న జంతువుని సంపాదించి పంపాడు. చూడ్డానికి ఉడతలా ఉంటుంది, ఉడత కాదు. మూతి సాగి ఉంటుంది, పురుగులు తింటుంది. ఇంగ్లీషులో మద్రాస్ ట్రీష్రూ. 1850 ప్రాంతంలో వాటర్‌హౌస్ అనే జంతుశాస్త్రజ్ఞుడు దానికి ఎలియట్ పేరు పెట్టాడు. ఇవాళ దాని శాస్త్రీయ నామం అనథానా ఎలియోటి. ఆ ప్రజాతిలో ప్రపంచం మొత్తానికి ఈ ఒక్క జాతే ఉంది, అదీ మన దేశంలోనే. తూర్పు కనుమల్లో తిరిగేవాళ్లు ఉడత అనుకుని వదిలేస్తుంటారు. ఈసారి మూతి చూడండి.

ఇప్పుడు 1845. గుంటూరు.

డొక్కల కరువు గురించి పెద్దవాళ్లు చెప్పగా వినే ఉంటారు. నందన నామ సంవత్సరం, 1832-33. గుంటూరు సీమలో జనం ఎండు డొక్కలతో పడిపోయారని ఆ పేరు. అయిదు లక్షల జనాభాలో రెండు లక్షల దాకా పోయారని లెక్కలు. దాని తర్వాత పన్నెండేళ్లకి కూడా ఆ జిల్లా కోలుకోలేదు. శిస్తు రావడంలేదు, జనం దగ్గర ఏమీ లేదు, జమీందార్లు బకాయిలు. కంపెనీకి ఎందుకు బెంగ? జనం పోయారనా? శిస్తు పడిపోయిందని. అది మనం మర్చిపోకూడదు. విచారించడానికి ఎలియట్‌ని పంపారు.

ఆయన వెళ్లి చూసి రాసిన నివేదికలో జమీందార్ల దుబారా ఉంది, గుంజుడు ఉంది, కచేరీ ఉద్యోగుల తినుబాట్లు ఉన్నాయి. జిల్లా మొత్తం సర్వే చేసి శిస్తు మళ్లీ నిర్ణయించాలనీ, బకాయిపడి సర్కారు అధీనంలో ఉన్న జమీందారీల్ని తిరిగి ఇవ్వకూడదనీ సిఫారసు చేశాడు. దాని ఫలితంగానే ఆయన్ని ఉత్తర సర్కారుల మొత్తానికీ కమిషనరుని చేశారు. గుంటూరు నుంచి గంజాం దాకా. 1854 వరకూ ఆ పని. గోదావరి మీద కాటన్ ఆనకట్ట లేచింది ఈ ఏళ్లలోనే.

ఆ బకాయిపడ్డ జమీందారీల్లో వాసిరెడ్డివారిది ఒకటి. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గుర్తున్నాడు కదా, చింతపల్లి నుంచి రాజధానిని అమరావతికి మార్చినాయన. కొత్త ఊరు కట్టడానికి రాళ్లు, ఇటుకలు కావాలి. పక్కనే దీపాలదిన్నె ఉంది, పాత బౌద్ధ స్తూపం కూలి మట్టిలో కలిసిన దిబ్బ. తవ్వారు. దిబ్బలోంచి చెక్కిన పలకలు బయటపడ్డాయి. కొన్ని గోడల్లోకి, మెట్లలోకి వెళ్లాయి, ఇంకొన్ని సున్నం బట్టీల్లోకి వెళ్లాయి. కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 1798 ప్రాంతంలో వచ్చి చూశాడు. మళ్లీ 1816లో వచ్చి బొమ్మలు గీయించాడు. అప్పటికే చాలా పోయింది.

అంటే 1845లో ఎలియట్ గుంటూరు వచ్చింది ఆ జమీందారీ దివాలా లెక్కలు చూడడానికి, అదే ప్రయాణంలో ఆ జమీందారు పగలగొట్టిన దిబ్బలో మిగిలింది తవ్వాడు. పగలు జమాబందీ, మిగిలిన వేళ స్తూపం. ఇక్కడ కూడా ఉద్యోగమే తీసుకెళ్లింది.

తవ్వి ఏం చేశాడు? పలకల్ని మద్రాసుకి పంపించాడు. అక్కడ ఏమైంది? ఏళ్ల తరబడి ఆరుబయట పడున్నాయి. ఎండకీ వానకీ. చలువరాయి అని పేరు గానీ అది పలనాటి సున్నపురాయి. సముద్రపు గాలికి అది ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. 1851లో మద్రాసు మ్యూజియం వచ్చాక వాటికి కాస్త నీడ దొరికింది. 1859లో ఓడ మీద లండన్ పంపారు. లండన్‌లో గౌరవంగా చూసుకున్నారా? ఒక పాత భవనంలో పెట్టారు. కొన్నిటిని బయట గోడకి ఆనించారు. లండన్ చలి, పొగ. మిగిలినవి బళ్లు పెట్టుకునే కొట్టంలో పోశారు. 1867లో ఫెర్గుసన్ అనే వాస్తుచరిత్రకారుడు ఆ కొట్టంలో చూసి గుండె బాదుకుని, ఫొటోలు తీయించి పుస్తకం వేశాక లోకానికి తెలిసింది. 1880లో బ్రిటిష్ మ్యూజియంకి వెళ్లాయి. ఇవాళ అక్కడ అద్దాల గదిలో ఉన్నాయి. చాలాకాలం వాటిని ‘ఎలియట్ మార్బుల్స్’ అనే పిలిచారు. రెండువేల ఏళ్ల కిందట కృష్ణ ఒడ్డున చెక్కిన రాళ్లకి ఎడింబరో మనిషి పేరు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. రాళ్లని పంపించడం ఒక తప్పు, దానిమీద ఎవరి వాదన వాళ్లకుంటుంది. ఉంచితే సున్నం బట్టీకి పోయేవి కదా అంటారు కొందరు. నాకు అంతకంటే పెద్ద తప్పు వేరే కనిపిస్తుంది. ఏ పలక ఏ దిక్కున, ఎంత లోతున, దేని పక్కన దొరికిందో సరైన నమోదు మిగల్లేదు. ఎలక బొరియలో గింజల తూకం రాసిన మనిషి! నేల బీటల్లో ఎలకలు ఏ నెలలో చస్తాయో రాసిన మనిషి! స్తూపం తవ్వినప్పుడు ఆ శ్రద్ధ ఏమైంది? ఏళ్ల తర్వాత ఫెర్గుసన్ అడిగితే జ్ఞాపకం మీద చెప్పాల్సి వచ్చింది. స్తూపం మళ్లీ తవ్వడానికి రెండోది లేదు కదండీ. ఎలక ఇంకోటి దొరుకుతుంది.

సరే, ఇక మన ఊరికి వద్దాం.

కమిషనరుగా ఉన్న ఏళ్లలో సముద్రం ఆయన్ని పట్టుకుంది. జాలర్లు తెచ్చిన చేపలు, గవ్వలు, పీతలు, డాల్ఫిన్లు. చేపకో ఇబ్బంది ఉంది. చచ్చిన గంటలో రంగు పోతుంది. తర్వాత సారాయి సీసాలో వేస్తే ఇంకా పోతుంది. అందుకని ఇక్కడి చిత్రకారుల్ని పెట్టుకుని తాజాగా ఉన్నప్పుడే బొమ్మలు వేయించాడు. ఆ బొమ్మలు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్నాయి. ఓవెన్ వంగ గురించి రాసినప్పుడు ఆధారపడింది ఎముకల మీద, ఈ బొమ్మల మీద. ఆయన ఆ జంతువుని ఒళ్లున్నదిగా ఎప్పుడూ చూడలేదు. చూసింది జాలరి, చిత్రకారుడు, ఎలియట్.

ఓవెన్ పత్రంలో మన జాలర్ల పేర్లు వరసగా ఉన్నాయి. వంగ ఒకటి. సువ్వ అని ఇంకో డాల్ఫిన్. గడము అని మరొకటి, దాన్ని ఓవెన్ ఏకంగా శాస్త్రీయ నామంలోనే పెట్టాడు. మచ్చలున్న దానికి బొల్ల గడిమి. ఇవన్నీ రోమన్ లిపిలో ఉన్న పేర్లు. ‘డ’ అనాలో ‘ద’ అనాలో, దీర్ఘం ఎక్కడుందో, జాలరిపేట నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే దిద్దండి. అదిగో, ఆ మూల నవ్వుతున్నారు. తర్వాత మాట్లాడుకుందాం.

మొక్కల సంగతి కూడా ఇదే దారి. 1859లో మద్రాసులో ఆయన ‘ఫ్లోరా ఆంధ్రికా’ అని ఒక పుస్తకం అచ్చువేశాడు. ఉత్తర సర్కారుల తెలుగు జిల్లాల్లో సాధారణంగా కనబడే మొక్కల పట్టిక. మామూలుగా వృక్షశాస్త్ర గ్రంథం ఎలా ఉంటుంది? లాటిన్ పేరు ముందు, ఎక్కడో మూల స్థానిక నామం. ఇందులో తెలుగు పేరుతో వెతుక్కోవచ్చు. ఎందుకలా? ఒక అధికారి అడవికో పొలానికో వెళ్తే రైతు చెప్పేది తెలుగు పేరు. ఆ పేరు పట్టుకుని ఇది ఏ మొక్కో తెలియాలి. పనికి పనికొచ్చే పుస్తకం. నాకు ఆయన రాసినవాటిలో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

డార్విన్ గురించి చెప్పకపోతే మీరు ఊరుకోరు. 1856లో డార్విన్ ఒక పెద్ద పుస్తకానికి సరంజామా కూడబెట్టుకుంటున్నాడు. ఆయనకి పావురాలు కావాలి. పెంపుడు పావురాల్లో ఇన్ని రకాలు ఉన్నాయి కదా, అన్నీ ఒకే అడవి పావురం నుంచి వచ్చాయని చూపించాలి. అందుకు తూర్పుదేశాల పావురాలు కావాలి. ఎవరికి రాశాడు? అప్పటికి మద్రాసు గవర్నరు కౌన్సిలు సభ్యుడైన ఎలియట్‌కి. పావురాల చర్మాలు, కోళ్ల చర్మాలు పంపమని. ఎలియట్ పంపాడు. పారశీలో 1770 నాటి పావురాల పెంపకం గ్రంథాన్ని కూడా అనువదించి పంపాడు. 1859లో వచ్చిన ‘ఆరిజన్ ఆఫ్ స్పీషీస్’ మొదటి అధ్యాయం తెరవండి. పావురాల చర్మాలు పంపినవాళ్లలో ముఖ్యంగా ఇండియా నుంచి ఎలియట్ అని పేరు ఉంటుంది. కౌన్సిలు సభ్యుడు, రోజూ ఎన్ని ఫైళ్లు చూడాలో, మధ్యలో పావురాల బజారుకి మనిషిని పంపుతున్నాడు. మన సెక్రటేరియట్‌లో ఎవరైనా ఇలా చేస్తే ఊరుకుంటారా?

ఆ కౌన్సిలులో 1854 నుంచి 1860 దాకా ఉన్నాడు. 1858లో కంపెనీ పాలన పోయి విక్టోరియా రాణి పాలన వచ్చింది. గవర్నరు హారిస్ ప్రభువు ఆరోగ్యం బాగోక ఎలియట్ తాత్కాలిక గవర్నరుగా ఉన్న సమయం అది. మద్రాసులో ఆ ప్రకటన ఆయన చేతుల మీదుగా జరిగింది. అంటే కిత్తూరులో కంపెనీ తరఫున ఖైదు అయిన కుర్రాడే, మద్రాసులో ఆ కంపెనీ దుకాణం కట్టేసిన రోజుకి పెద్దమనిషి.

1860లో పదవీ విరమణ చేసి వుల్ఫ్‌లీ వెళ్లిపోయాడు. 1866లో సర్ బిరుదు వచ్చింది. ఊళ్లో ప్రకృతి సంఘాలతో తిరిగాడు, చెట్లు, పిట్టలు, మామూలే. చివరి ఏళ్లలో చూపు పోయింది. కళ్లు లేని మనిషి ఏ పని చేశాడో ఊహించండి. నాణేలు! దక్షిణ భారత నాణేల మీద ఆయన గ్రంథం 1886లో అచ్చయింది. జీవితమంతా కూడబెట్టిన నాణేలు, ఒకరు చదివి చెప్తుంటే ఈయన చెప్పి రాయించాడు. 1887 మార్చి 1 ఉదయం తమిళ పండితుడు జి. యు. పోప్‌కి ఒక ఉత్తరం చెప్పి రాయించి తన చేత్తో సంతకం పెట్టాడు. పోప్ తిరుక్కురళ్‌ని అచ్చుకి సిద్ధం చేస్తున్నాడని తెలిసి దాని గురించి వాకబు. ఆ సాయంత్రం పోయాడు. ఎనభై నాలుగేళ్లు.

కథ ఇంతే. టీ వచ్చేలోపు ఒక పని అప్పజెప్తాను. ‘ఫ్లోరా ఆంధ్రికా’లోంచి కొన్ని పేజీలు ప్రింటు తీయించి ఆ బల్ల మీద పెట్టాను, పెన్సిళ్లు కూడా ఉన్నాయి. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చినవాళ్లు, ఇంట్లో పెద్దవాళ్ల నోట మొక్కల పేర్లు విన్నవాళ్లు, ఒక్కసారి చూడండి. మీ ఊళ్లో ఇప్పటికీ అనే పేరు పక్కన టిక్కు పెట్టండి. వేరే పేరుంటే రాయండి, కింద మీ ఊరి పేరు కూడా. ఎవరు చెప్పారో వాళ్ల పేరు తప్పకుండా రాయండి, అమ్మమ్మైతే అమ్మమ్మ పేరే. డాల్ఫిన్ల పేర్లు తెలిసినాయన, మీరు మాత్రం నాతో రండి, వెళ్లిపోకండి.